పెద్దింటి మామా

మా డిగ్రీ బ్యాచి వాళ్ళు ప్రొద్దుటూరులో కలుస్తున్నారని ఫోను వచ్చినప్పుడు నేను రానని చెప్పేశాను. షుగరు ఉందన్నాను, మోకాళ్ళు పట్టేశాయన్నాను. అసలు సంగతి వేరే. ఆ కలయికకు పులివెందుల నుంచి ఒకడు వస్తాడు. వాడికి కుడి చెయ్యి మోచేతి దాకా లేదు. అది పోవడానికి కారణం నేను. ఆ మాట నలభై ఏళ్ళ పైన అయినా వాడికి చెప్పలేదు, కట్టుకున్న భార్యకూ చెప్పలేదు. ఆదివారం ఆదివారం మిషన్ గుడిలో అందరితో కలిసి పాపపు ఒప్పుకోలు గట్టిగా చదువుతాను. ఆ వాక్యాల్లో ఎవరి పాపమూ పేరు పెట్టి ఉండదు కాబట్టి నా పని సులువుగా జరిగిపోయేది.

ఫోను చేసినవాడు తుమ్మలపల్లె యురేనియం గనిలో గుమాస్తాగా చేసి రిటైరైన మా క్లాసువాడు. నా సాకులు విని నవ్వాడు.

"ఇంగ ఎన్నేండ్లుంటాం రా? పోయినేడు ఇద్దరు పాయె, ఆ ముందేడు ముగ్గురు పాయె. అదీ మంచం మీద పాయిరి, అదృష్టవంతులు. నువ్వు రాకుంటే జీపేసుకోనొచ్చి ఎత్తకపోతాం."

మా జిల్లాలో ఈ మాటకు నవ్వాలో భయపడాలో మా వయసు వాళ్ళకు ఇప్పటికీ తేలదు. నేను నవ్వి, వస్తానన్నాను. ఈసారి వాడికి చెప్పేయాలి, లేకపోతే ఆ మాట చెప్పకముందే ఇద్దరిలో ఎవరో ఒకరం పోతాం, అనుకున్నాను.

నేను జమ్మలమడుగులో మిషన్ కాంపౌండులో పుట్టాను. మా నాయన బడిపంతులు. నేనూ లెక్కల టీచరుగానే చేసి దిగిపోయాను. తరగతిలో డస్టరు విసిరే మనిషినని నాకు పేరు. ఆ కోపమంతా పిల్లల మీద కాదని నాకు తెలుసు, పిల్లలకు తెలియదు పాపం.

పులివెందుల దగ్గర వాడి ఊళ్ళో మా మేనత్త వాళ్ళు కూలికి ఉండేవాళ్ళు. వాడి ఇంటిని ఊరంతా పెద్దిల్లు అనేది. మా మేనత్త మొగుడు ఆ ఇంటి ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి, పాలు తాగే పిల్లోణ్ణి కూడా "సామీ" అని పిలిచేవాడు. నేను ప్రొద్దుటూరు కాలేజీలో చేరిన మొదటి వారం, హాస్టలు భోజనాల గదిలో నా పక్కన కూర్చున్నవాడు ఆ ఇంటి కొడుకని తెలిసి, అలవాటు కొద్దీ "నీళ్ళు ఇటియ్యి సామీ" అన్నాను. వాడు నా నెత్తి మీద ఫట్టున ఒకటి ఇచ్చాడు.

"ఇంగోసారి సామీ అంటే పండ్లు రాలగొడతా. మామా అను."

"బాగుండదప్పా" అన్నాను.

ఇంకొకటి ఇచ్చాడు. దెబ్బలు తిని నేర్చుకున్న మాట అది. నేర్చుకున్నాక ఇంక వదల్లేదు. మామా అంటే అందరూ మామలే కదా అని, నేను నా సొంతంగా "పెద్దింటి మామా" అనేవాణ్ణి. మూడేళ్ళు హాస్టలు వరండాలో, సినిమా హాలు ముందు, బట్టల బజారులో అరిచి పిలిచాను. ఆ మాట అన్నప్పుడల్లా నా ఛాతీ రెండు అంగుళాలు పెరిగేది. దాచేదేముంది, వాడి మీద ప్రేమ ఎంత ఉందో, వాణ్ణి అలా పిలవగలనన్న గర్వమూ అంతే ఉంది.

డిగ్రీ అయ్యాక వాడికి కోవెలకుంట్లలో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. నేను బీఈడీ చేసి ఇంట్లో కూర్చున్నాను. అప్పటికి వాడి ఊరు రెండు పార్టీలయింది. మా దగ్గర పార్టీ అంటే జెండా కాదు, ఫలానా ఇంటివాళ్ళు అని అర్థం. జెండాలు తర్వాత వచ్చి ఆ ఇళ్ళకు తగులుకున్నాయి. వాడి నాయన ఒక పార్టీకి పెద్ద. అంతకుముందు ఏడు ఆయన మనుషులు అవతలి పార్టీవాణ్ణి ఒకణ్ణి చెనిక్కాయ చేలో నరికి చంపారు. తల కోసం రెండు రోజులు వెతికారట. దానికి బదులుగా అవతలివాళ్ళకు ఈ ఇంటి కొడుకే కావాలి. అయితే ఆ కొడుకు ముఖం వాళ్ళలో ఎవరికీ తెలియదు. ఇలాంటి రోజు వస్తుందనే వాడి నాయన వాణ్ణి అయిదో ఏట నుంచి సెలవులకు కూడా రానీయకుండా ఊరు గాని ఊళ్ళలో హాస్టళ్ళలో పెట్టి చదివించాడు.

పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. రావద్దని నాయన కబురు పెట్టినా వీడు ఓటు వేస్తానని బయలుదేరాడు. కోవెలకుంట్ల బస్సు జమ్మలమడుగులో దిగాలి. వాడి చిన్నాయన జీపు వేసుకుని వచ్చి, బస్టాండులోకి రాకుండా వెనక సందులో నిలబెట్టుకున్నాడు. వీడు మామూలు ప్యాసింజరులాగా సంచి తగిలించుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నడిచి జీపెక్కాలి. అదీ వాళ్ళ ఏర్పాటు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆ పొద్దు పదిగంటలకు నేను బస్టాండు ఎదురుగా సోడా అంగడి బల్ల మీద కూర్చుని ఉన్నాను. అంగడాయన మాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. ఉద్యోగం లేని నన్ను ఎంతసేపు కూర్చున్నా లెమ్మనని మంచి మనిషి. నా పక్కన చారల తువ్వాలు భుజాన వేసుకున్న మనిషి ఒకడు గోలీసోడా తాగుతున్నాడు. వాడి కాళ్ళ దగ్గర గుడ్డసంచి ఉంది. కోవెలకుంట్ల బస్సు వచ్చి ఆగింది. జనంలో తెల్లచొక్కా, నల్లప్యాంటు, భుజానికి సంచి, మా వాడు దిగాడు. బ్యాంకు ఉద్యోగి అయ్యాక వాణ్ణి చూడటం అదే మొదలు. బస్టాండులో మా కాంపౌండు వాళ్ళున్నారు, బజారు వాళ్ళున్నారు. వాళ్ళందరికీ వినపడాలనే లేచి నిలబడి అరిచాను.

"పెద్దింటి మామా!"

వాడు తిరగలేదు. పక్కనున్న తువ్వాలు మనిషి సోడా సీసా నోటి దగ్గరి నుంచి దించి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఎవురప్పా, పెద్దింటోళ్ళ పిల్లోడా?"

"ఔనప్పా, మా మామ!" అన్నాను.

వాడు సగం సోడా ఉన్న సీసాను బల్ల మీద పెట్టాడు. గోలీ టంగుమంది. అంగడాయన "ఇంగా ఉందప్పా, తాగు" అంటున్నా వినకుండా సంచి ఎత్తుకుని రోడ్డు దాటాడు. గోడ మీద కూర్చున్న ఇద్దరు వాడి వెనకే లేచారు. నాకు అదేమీ పట్టలేదు. ఉద్యోగం రాగానే వీడికి పొగరెక్కిందా, నేను పిలిస్తే పలకడా అని కడుపు మండింది. ఇంకా గట్టిగా అరిచాను.

"ఓ పెద్దింటి మామా!"

ఈసారి మా వాడు ఆగాడు. వెనక్కి తిరిగాడు. నన్ను చూసి నవ్వి, కుడిచెయ్యి పైకెత్తాడు.

మొదటి బాంబు వాడి కాళ్ళ ముందు పడింది. రెండోది ఎత్తిన చెయ్యి దగ్గర పేలింది. బస్టాండు పొగతో నిండిపోయింది, చెవులు మూసుకుపోయాయి. పొగలో నుంచి వాడు నడుస్తూ బయటికి వచ్చాడు. చెయ్యి ఇంకా ఎత్తే ఉంది కానీ మోచేతి తర్వాత ఏమీ లేదు, చొక్కా పీలికలు వేలాడుతున్నాయి. వాడు దాన్ని ఎడంచేత్తో తడిమి చూసుకుంటున్నాడు. ఒక వేలు వచ్చి సోడాసీసాల పెట్టెలో పడింది. బాంబుల్లో పెట్టిన మేకులు బస్సు రేకుకు గుచ్చుకుని ఉన్నాయి. ఎవరిదో పసిబిడ్డ ఏడుస్తూ ఉంది, నోరు కనపడుతోంది కానీ శబ్దం వినపడలేదు.

చిన్నాయన సందులో నుంచి పంచె ఎగ్గట్టి పరిగెత్తుకుంటూ వచ్చి అన్నకొడుకు మీద అడ్డం పడ్డాడు. వాళ్ళు ముగ్గురూ వేటకొడవళ్ళతో ఆయన మీద పడ్డారు. ఎన్ని వేట్లు వేశారో లెక్కపెట్టలేదు. చెవులు తెరుచుకునేటప్పటికి నాకు వినపడిన మొదటి శబ్దం పచ్చికట్టె నరికినట్టు ఉండింది. ఆయన ముఖం రెండుగా తెరుచుకున్నా, కిందున్నవాణ్ణి వదల్లేదు. అందుకే ఆయన పోయినా మా వాడు బతికాడు. తువ్వాలు మనిషి పోతూ పోతూ నా వైపు చూసి, తెలిసినవాడికి ఊపినట్టు తల ఊపాడు.

నేను ఇంటికి పరిగెత్తాను. మరుసటి రోజు కాంపౌండుకు వచ్చి అడిగిన పోలీసులకు జ్వరంతో పడుకున్నానని చెప్పాను. మా అమ్మ పక్కనే నిలబడి ఔనంది.

అది అంతటితో అయిపోలేదు. ముఖం తెలియని కుర్రవాణ్ణి ఎవరో పిలిచి పట్టించారని పెద్దింటి వాళ్ళకు తెలిసింది. పిలుపు సోడా అంగడి దగ్గరి నుంచి వచ్చిందని, పిలిచిందెవరో చూడలేదని బస్టాండులో వాళ్ళు చెప్పారు. వారం తిరగకుండా, తెల్లవారి అంగడి తెరుస్తున్న సోడా ఆయనను జీపులో వేసుకుని పెన్న ఇసుకలోకి తీసుకుపోయారు. గొడ్డలి వెనకవైపు మడమతో రెండు కాళ్ళూ మోకాళ్ళ దగ్గర పిండి చేసి, ఇసుకలో వదిలిపెట్టి పోయారు. ఆయన పెండ్లాం ఆయనను పుట్టింటికి, దువ్వూరికి తీసుకుపోయింది. మూసిన అంగడి ముందు నుంచి నేను ఎన్నిసార్లు నడిచానో. తలుపు సందులో నుంచి చూస్తే లోపల పెట్టెలో సీసాలు అట్లాగే ఉండేవి.

కర్నూలు ఆసుపత్రిలో ఉన్న వాణ్ణి చూడటానికి నేను పోలేదు. ఆరు నెలలకు వాడి దగ్గరి నుంచి కార్డు వచ్చింది. "ఎడం చేత్తో రాస్తాండా. అయినా నీ రాత కంటే బాగుంది సూడు." నేను జవాబు రాయలేదు. ఆ తర్వాత ఎవరినీ మామా అని పిలవలేదు. సొంత మేనమామను కూడా పిలుపులో సగం మింగి పిలిచేవాణ్ణి.

కలయిక రోజు ప్రొద్దుటూరులో చిన్న హాలు తీసుకున్నారు. నేను పోయేటప్పటికి గోడ పక్కనున్న కుర్చీలన్నీ నిండిపోయాయి. నడిమధ్య కుర్చీలన్నీ ఖాళీ. వాకిలికి వీపు పెట్టి కూర్చునేందుకు అరవై ఎనిమిదేళ్ళ ముసలివాళ్ళలో ఒక్కడూ సిద్ధంగా లేడు. "ఇప్పుడు మనల్ని ఎవురు సంపుతారు రా, డాక్టర్లు తప్ప" అని గని గుమాస్తా ఎగతాళి చేశాడు. వాడు కూర్చున్నది కూడా మూల కుర్చీలోనే.

అప్పుడు మా పెద్దింటివాడు వచ్చాడు. జుట్టంతా నెరిసింది. కుడి చొక్కాచెయ్యి మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. అందరినీ పలకరించి నా ముందుకు వచ్చాడు.

"బాగుండారా సార్?" అన్నాను.

"సార్ ఏంది రా?" అని ఎడంచెయ్యి ఎత్తాడు. పాత రోజుల్లో లాగా నెత్తిన ఒకటి ఇస్తాడేమో అని ఆశపడ్డాను. వాడు చెయ్యి దించేసి పోయి, నడిమధ్య కుర్చీలో వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాడు.

భోజనాలు చేస్తుండగా బయట ఏదో పార్టీ ఊరేగింపు వచ్చింది. ఎవరు గెలిచారో, ఎవరి పుట్టినరోజో, హాలు ముందు పెద్ద టపాసుల సరం అంటించారు. మొదటి శబ్దానికే మేమంతా బల్లల కింద ఉన్నాం. మోకాలి ఆపరేషను అయినవాడు, గుండెకు స్టెంటు వేసుకున్నవాడు, అందరం. విస్తర్లు మీద పడ్డాయి. సరం అయిపోయాక ఒకరి ముఖం ఒకరు చూసుకుని, సాంబారు తుడుచుకుంటూ పడీపడీ నవ్వాం. నవ్వుతూనే ఒకడు ఏడ్చాడు. వాళ్ళన్నను మా రెండో ఏడు పరీక్షలప్పుడు బాంబులేసి చంపారు. కుర్చీలో నుంచి కదలనివాడు మా పెద్దింటివాడు ఒక్కడే. ఎడంచేత్తో అన్నం కలుపుకుంటున్నాడు.

చెయ్యి కడుక్కునే దగ్గర వాణ్ణి పట్టుకున్నాను. నీళ్ళ శబ్దంలో చెప్పేస్తే సగమే వినపడుతుందని పిరికి ఆశ.

"ఆ పొద్దు బస్టాండులో పిలిచింది నేను."

వాడు కొళాయి కట్టేశాడు.

"తెల్సు. నీ గొంతు నాకు తెల్దా?"

వాడే అన్నాడు. "మొదటిసారి పిలిస్తే తిరగల్యా. ఎవురు పిలిచినా తిరగొద్దని నాయన చెప్పినాడు. రెండోసారి పిలిస్తివి. తిరక్కపోతే నువ్వేమనుకుంటావు? పెద్దింటోడు గదా, పది మందిలో నాతో పలకడానికి నామోషీ అనుకుంటావు. అందుకని తిరిగినా."

నేను సరిగ్గా అదే అనుకున్నాను అని వాడికి చెప్పాను. తువ్వాలు మనిషి అడిగింది, నేను ఔనన్నది, అంతా చెప్పాను. నా మీద అరుస్తాడని, కొడతాడని చూశాను. వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు, అది నాకు నచ్చలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

"మావోళ్ళు ఆస్పత్రికొచ్చి అడిగిరి, ఎవురు పిలిచిరని. ఇనపడల్యాదంటి. నీ పేరు చెప్తే ఆ పొద్దే నిన్ను సంపేటోళ్ళు. సోడా ఆయప్ప కాళ్ళు ఇరగ్గొట్టినారని నాకు నెలకు తెల్సె. అప్పుడన్నా చెప్పి ఉండచ్చు, ఆయప్ప కాదని. చెప్పల్యా. చెప్తే మళ్ళా ఎవురని అడుగుతారు గదా." తడి చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. "ఆయప్ప బతికే ఉండాడు, దువ్వూర్లో. ఆ రోడ్డున పోయినప్పుడంతా కారు నిదానం చేపిస్తా. దిగల్యా ఎప్పుడూ. నువ్వుండావు, పా పోదాం."

ఫొటోలు దిగుతాం ఉండండని మిగతావాళ్ళు అరుస్తున్నా ఆగకుండా ఇద్దరం వాడి కారెక్కాం.

దువ్వూరులో రోడ్డు పక్కనే రేకుల వసారా. సోడా ఆయన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళు రెండూ మోకాళ్ళ దగ్గర పక్కకు వంగి, ఎండిన చింతబరికెల్లాగా ఉన్నాయి. ఆయన పెండ్లాం చాటలో కందులు ఏరుతూ "ఎవురప్పా మీరు?" అంది. మా వాడు మడిచిన చొక్కాచెయ్యి చూపించాడు. ముసలాయన ఆ చెయ్యి చూశాడు, నా ముఖం చూశాడు.

"సోడా తాగేటోనివి గదా నువ్వు" అన్నాడు నాతో.

"ఆ పొద్దు పిలిచింది నేను పెద్దాయనా. నీ కాళ్ళు నా వల్ల పాయె" అన్నాను. అని నేల మీద కూలబడ్డాను.

"నాకు తెల్దా? నా పక్కన నిలబడే గదా అరిస్తివి." ఆయన గొంతులో కోపం లేదు, ఎప్పటిదో విసుగు ఉంది. "ఇసుకలో ఏసి, ఎవురు పిలిచిరో చెప్పమనిరి. ఉద్యోగం రావాల్సిన పిల్లోడు, ఏంటికిలే అని తెల్దంటి. ఒక కాలు ఇరగ్గొట్టిరి. ఇంగ ఓర్చుకోలేకపోతి. చెప్పేస్తినప్పా. అబద్ధమేంటికి, నిన్ను చెప్పేస్తి. మిషన్ కాంపౌండు బడి అయివారి కొడుకు పిలిచినాడు, మామా అని పిలిచినాడు సామీ అంటి."

"ఏమనిరి?" అని మా వాడు అడిగాడు.

"ఏమంటారు? ఆ కాంపౌండు నాకొడుకు మా ఇంటి పిల్లోణ్ణి మామా అంటాడా, సామీ అనాల్సినోడు? ఎవురికి చెప్తాండావురా కతలు, అనిరి. అని రెండోది ఇరగ్గొట్టిరి."

పెండ్లాం చాట పక్కన పెట్టి, "ఈయప్ప ఎప్పుడూ ఇదే చెప్తాడు. మా అన్నదమ్ములు గూడా నమ్మల్యాదు. అట్ల యాడన్నా పిలుస్తారా అని నేను గూడా అంటి" అంది.

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. మా వాడు నా పక్కన నేల మీద కూర్చుని, ఎడంచేత్తో నా నెత్తి మీద ఒకటి ఇచ్చాడు. మెల్లగా కాదు, కళ్ళు తిరిగేట్టు ఇచ్చాడు.

"పిలువు రా. ఆయమ్మ ఇనేట్టు పిలువు."

నలభై ఏళ్ళ పైన నోట్లో తిరగని మాట. రెండుసార్లు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. మూడోసారికి వచ్చింది.

"పెద్దింటి మామా!"

"ఏం రా?" అని మా వాడు పలికాడు.

ముసలాయన మంచం మీద నుంచి ముందుకు వంగి, పెండ్లాం భుజం తట్టాడు.

"ఇనపడెనా? నేను అబద్ధం చెప్పల్యాదు."